జుబేదా తెలుగు, కొత్త కెర్నల్

వరంగల్ మట్టెవాడలో ఉండే లియాఖత్ అలీ కూతురు జుబేదా తెలుగు మీడియంలో చదవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంటికి దగ్గరున్న ఆడపిల్లల బడి అదొక్కటే. ఉర్దూ బడికి పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. లియాఖత్ అలీ కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరు. పొద్దున సైకిలెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి చేరేవాడు. పిల్లను రోడ్డు దాటించడానికి ఇంట్లో ఎవరూ లేరు. అట్లా ఆ పిల్ల ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగింది. రెండిట్లో ఏది తన భాష అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో గాని, చిన్నప్పుడు ఎవరూ అడగలేదు.

పదో తరగతి అయ్యాక టైపు నేర్చుకుంటానంది. అది డెబ్బయిల నడిమి కాలం. మట్టెవాడ బజారులో బట్టల దుకాణం పైన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంగ్లీషు మిషన్ల దగ్గర పిల్లలు వంతుల కోసం బెంచీల మీద కూర్చునేవాళ్ళు. మూలకున్న తెలుగు మిషన్ మాత్రం ఎప్పుడూ ఖాళీ. పొల్లు కొట్టాలంటే ఒక మీట, గుడి పెట్టాలంటే ఇంకొక మీట, ఒత్తు పడాలంటే వెనక్కి జరపాలి. ఆ తిప్పలు ఎవరు పడతారని అందరూ దాన్ని వదిలేశారు. జుబేదా దాని ముందు కూర్చుంది. వంతు లేదు, లేవమనేవాళ్ళు లేరు. లోయరు పాసయింది, హయ్యరు పాసయింది. ఒత్తు అక్షరానికి సరిగ్గా కింద, ఇంత కూడా జరగకుండా పడితే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఆ చేతి పనే ఆమెకు నౌకరీ తెచ్చింది. హనుమకొండలో ఒక ట్రస్టు నడిపే కంటి దవాఖానలో తెలుగు టైపిస్టు కావాలన్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి శుక్లాలు తీయించుకున్న ముసలివాళ్ళకు ఇంటికి పోయేటప్పుడు ఒక అట్ట ఇస్తారు. ఏ చుక్కలు పొద్దున, ఏ చుక్కలు పడుకునేటప్పుడు, ఎన్ని రోజులు తలస్నానం వద్దు, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నీ దాని మీద తెలుగులో ఉండాలి. పేషెంటుకు చదువు రాకపోయినా ఊళ్ళో ఎవరో ఒకరు చదివి చెప్తారు. దవాఖానలో ఎవరూ పట్టించుకోని ఆ అట్ట ఊరికి పోయాక డాక్టరంత పని చేస్తుందని జుబేదాకు తెలుసు. అందుకే ఒక్క అక్షరం తప్పు పడినా చింపేసి మళ్ళీ కొట్టేది. పెళ్ళయింది. భర్త ఫకీర్ మహమ్మద్ గూడ్సు బండి గార్డు. వారంలో సగం రోజులు బల్లార్షా వైపో, డోర్నకల్ వైపో ఉండేవాడు. ఆమె నౌకరీ మానలేదు.

ఎనభై ఏడులో దవాఖానకు కంప్యూటర్ వచ్చింది. ఎవరో దాత పంపించాడు. ఒక గదికి చల్లని మిషన్ బిగించి, మధ్యలో పెద్ద డబ్బా పెట్టి, దానికి తీగలతో తెరా మీటలూ ఉన్న టెర్మినళ్ళు తగిలించారు. వాటిలో తెలుగు చూపించే కార్డు ఒకటి వేశారు. దాన్ని చూసుకోవడానికి కిషన్ రావు అనే కుర్రవాడు ప్రోగ్రామరుగా చేరాడు. కరీంనగర్ వైపు వాడు, ఇంజనీరింగు చదివాడు. తెలియనిది తెలియదని చెప్పడానికి మొహమాటపడేవాడు కాదు. జుబేదాను మొదటి రోజు నుంచే అక్కా అన్నాడు.

కొత్త మీటల మీద ఆమె వేళ్ళు చాలా రోజులు ఏడ్చాయి. పాత మిషన్ మీద ఒకచోట ఉన్నది ఇక్కడ ఇంకొకచోట ఉంది. కానీ ఒక రోజు క కొట్టి, ట కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ ట కొట్టేసరికి ఆ రెండో ట తనంతట తానే కిందికి దిగి ఒత్తయి కూర్చుంది. జుబేదా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ తెరను చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళు తాను వెనక్కి జరిపి జరిపి పెట్టిన ఒత్తు అది.

రెండేళ్ళు బాగా నడిచింది. పాత టైపు మిషన్‌కు గుడ్డ కప్పి బీరువా పక్కన పెట్టారు.

ఎనభై తొమ్మిది వానాకాలంలో డిస్కు నిండిపోయింది. ఇంకా పెద్ద డిస్కు తెప్పించారు. దాన్ని తగిలిస్తే సిస్టం దాన్ని అసలు చూడలేదు. హైదరాబాదు కంపెనీ వాళ్ళు, మీ కెర్నల్ పాతది, కొత్తది వేస్తే తప్ప ఈ డిస్కు కనపడదన్నారు.

"కెర్నల్ అంటె ఏంది సార్?" అని జుబేదా అడిగింది.

"గింజ పగలగొడితే లోపల పప్పుంటది సూడు, గది అక్కా. సిస్టంల అన్నిటికన్న లోపలిది. డిస్కుతోటి, తెరతోటి, ప్రింటర్‌తోటి అన్నిటితోటి మాట్లాడేది అదే."

"అయితె పప్పు మార్సి పైన పొట్టు గట్లనే ఉంచుతరా?"

"అంతే," అన్నాడు కిషన్ రావు. తర్వాత కాస్త ఆలోచించి, "అంతే అనుకుంటాన," అన్నాడు.

శనివారం హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. ఒక్కొక్క ఫ్లాపీ పెట్టి తీసి కొత్త కెర్నల్ ఎక్కించాడు. పాత కెర్నల్‌ను కూడా వేరే పేరుతో డిస్కులో ఉంచాడు. పెద్ద డిస్కు కనపడింది. తెర మీద ఇంగ్లీషులో అంతా సక్రమంగా వచ్చింది. అందరికీ చేతులు కలిపి, చాయ్ తాగి, సాయంత్రం బండికి పోయాడు. తెలుగు తెరిచి చూద్దామని అప్పుడు ఎవరికీ తోచలేదు.

సోమవారం పొద్దున జుబేదా వచ్చి తన పేరు కొట్టి సిస్టం లోపలికి పోయింది. ఆ రోజు ఇంటికి పోవలసినవాళ్ళలో కట్టమ్మ అనే పేషెంటు వివరాల కార్డును తెర మీదికి తీసింది. పేరు ఉండవలసిన చోట ఇట్లా ఉంది:

3=h=LhL

ఇంగ్లీషు మీట నొక్కుకుపోయిందనుకుంది. తెలుగు మీట కొట్టింది. మారలేదు. కార్డంతా అట్లనే ఉంది. అంకెలు, డాలరు గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి చీమల పుట్ట కదిలినట్టు. ఇంకొకరి కార్డు తీసింది. అదీ అంతే. టెర్మినల్ ఆపి మళ్ళీ వేసింది. పక్క టెర్మినల్‌కు పోయింది. అక్కడా అంతే. రెండేళ్ళుగా కొట్టిన పేర్లు, ఊళ్ళు, మందులు ఏమయ్యాయి? శుక్రవారం తాను పోయేటప్పుడు ఏదైనా తప్పు మీట నొక్కిందా? ఎంత గుర్తు చేసుకున్నా ఏమీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోయేసరికి భయం ఇంకా పెరిగింది.

కిషన్ రావు వచ్చి చూశాడు. తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. తెలుగు కార్డు ఒక టెర్మినల్‌ది తీసి ఇంకొకదానిలో వేశాడు. అదే గజిబిజి. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"కార్డులు రెండు ఒక్కసారి ఖరాబు కావు అక్కా. కని ఏమైందో నాకు తెలుస్తలేదు."

"నేనేమన్న చేసిన్నా సార్?"

"నువ్వేం చేస్తవ్? ఇదంత చూపెట్టుడుల ఫరకే ఉంటది. లోపల మంచిగనే ఉండొచ్చు. కొత్త పేషెంట్లు వస్తె కొట్టుకుంట పో. తర్వాత చూద్దాం."

ఆమె కొట్టింది. తాను కొట్టేది తెలుగు, కనపడేది గజిబిజి. కళ్ళు మూసుకుని కొట్టినట్టే ఉంది. ప్రింటర్ ఆపేసి, ఇంటికి పోయేవాళ్ళ కోసం బీరువా పక్కనున్న పాత టైపు మిషన్ మీది గుడ్డ తీసి, డాక్టరు చీటీలు చూసి అట్టలన్నీ దాని మీద కొట్టి వార్డుకు పంపింది. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. పొద్దున ఆమె రాకముందే ప్రింటర్ తన రోజువారీ పని తాను చేసి రెండు అట్టలు అచ్చు వేసింది. అటెండరు ఎప్పటిలాగే వాటిని చింపి వార్డులో ఇచ్చివచ్చాడు, తీసుకున్నవాళ్ళు అప్పుడే ఇంటికి పోయారు.

మంగళవారం కిషన్ రావు సిస్టం ఆపి, శనివారం పక్కన ఉంచిన పాత కెర్నల్‌తో లేపాడు. జుబేదా కట్టమ్మ కార్డు తీసింది. కట్టమ్మ. క, దాని పక్కన ట కింద ట, మ కింద మ. ఎక్కడివక్కడ ఉన్నాయి. జుబేదాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలేదు, ఏదీ పోలేదు.

కానీ పాత కెర్నల్‌కు పెద్ద డిస్కు కనపడదు. చిన్న డిస్కులో ఒక్క పేషెంటు పేరు రాయడానికి కూడా చోటు లేదు. కొత్తది వేస్తే చోటుంది, తెలుగు లేదు. పాతది వేస్తే తెలుగుంది, చోటు లేదు.

"అయితె తెలుగు పాత పప్పుల ఉన్నదా సార్?" అని ఆమె అడిగింది.

"ఎట్లుంటది? తెలుగు టెర్మినల్ కార్డుల ఉంటది. కెర్నల్‌కు తెలుగంటె ఏందో తెల్వదు," అన్నాడు కిషన్ రావు. తన మాట తనకే వింతగా తోచినట్టు ఆగాడు. "తెల్వంది పోగొట్టుకునుడు ఎట్ల?"

హైదరాబాదుకు ట్రంకాల్ చేశాడు. కంపెనీ ఇంజనీరు, మేము చూసినప్పుడు అంతా బాగానే ఉంది, మీ టెర్మినళ్ళు చెడిపోయి ఉంటాయి అన్నాడు. చెడిపోతే పాత కెర్నల్‌తో ఎట్లా బాగున్నాయని అడిగేలోపు లైను పోయింది.

చోటు కోసం మళ్ళీ కొత్త కెర్నల్‌తోనే లేపారు. బుధవారం జరిగింది మరీ విచిత్రం. జుబేదా మందుల గదికి పోయిన సమయంలో కిషన్ రావు ఆమె టెర్మినల్ దగ్గర కూర్చుని, తన పేరుతో లోపలికి పోయి ఏదో ఫైలు తీశాడు. ఆమె తిరిగివచ్చేసరికి తెర నిండా తెలుగు.

"ఏం చేసిన్రు సార్?"

"ఏం చేయలే. ఊకె తీసిన," అన్నాడు. అతని గొంతులో సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

ఆమె కూర్చుని తన పేరుతో లోపలికి పోయింది. గజిబిజి. లేచింది. అతను తన పేరుతో పోయాడు. తెలుగు. అదే కుర్చీ, అదే తెర, అదే తీగ, అదే ఫైలు. మళ్ళీ ఆమె. మళ్ళీ గజిబిజి.

ఆఫీసు సూపరింటెండెంటు రాజమల్లు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. పెద్ద మనిషి, చెడ్డవాడు కాదు, మాటకు ముందు ఆలోచన ఉండదు. "మిషన్‌కు గూడ ఎవలి తెలుగు ఎవలిదో సమజైనట్టున్నది, జుబేదమ్మా," అని నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. జుబేదా తన కాగితాలు సర్దుకుంది. ఆ సాయంత్రం బస్సులో మాత్రం ఆ మాట ఆమెను విడవలేదు. మిషన్‌కు కులం మతం ఏం తెలుసు? తెలియదు. అది ఆమెకు బాగానే తెలుసు. మరి తన పేరు కొట్టగానే ఎందుకట్లా చేస్తోంది? తెలిసినదానికీ కళ్ళతో చూసినదానికీ పొత్తు కుదరలేదు. చిన్నప్పటి నుంచి, మీ తెలుగు మంచిగున్నదే అని మెచ్చుకునేవాళ్ళు ఆమెకు అడుగడుగునా తగిలేవాళ్ళు. ఆ మెప్పులో ఒక చిన్న ముల్లు ఎప్పుడూ ఉండేది. అది ఇప్పుడు కదిలింది.

ఇంటి దగ్గర ఫకీర్ మహమ్మద్ ఆ రోజు డ్యూటీ లేక ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది. అతను శ్రద్ధగా విని, "కాజీపేటల ఇంజన్ మార్సినప్పుడు ఒక్కొక్కపారి డబ్బాలల్ల బ్రేకులు పట్టవు. పైపు కలుపుకాడ గాలి పోతాంటది. గట్ల ఏమన్న ఉన్నదేమో సూడున్రి," అన్నాడు.

"డబ్బాలన్నిటికి పట్టకపోవాలె గద. ఒక్క నా డబ్బాకే ఎందుకు?"

అతను గిన్నె ఆమె ముందుకు జరిపాడు. "జర తిను. ఫికర్ జెయ్యకు," అన్నాడు.

ఆమె తినలేకపోయింది. కానీ తాను అడిగిన మాట తన చెవిలోనే మళ్ళీ పడింది. ఒక్క తన డబ్బాకేనా? ఎవరు చూశారు?

గురువారం పొద్దున ఆమె నేరుగా రాజమల్లు బల్ల దగ్గరికి పోయింది. "సార్, జర మీ పేరుతోటి లోపలికి పోయి చూడున్రి."

"నాకెందుకమ్మా?"

"ఒక్కసారి."

రాజమల్లు కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. ఫైలు తెరిచాడు. అదే చీమల పుట్ట. కొంచెం వంగి చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నాది గూడ గంతేనా," అన్నాడు మెల్లగా. లేచిపోయాడు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి రెండు సకినాలు కాగితంలో పెట్టి జుబేదా బల్ల మీద ఉంచిపోయాడు.

ఆమెకు ఊపిరి తిరిగింది కానీ అయోమయం తీరలేదు. ఇప్పుడు ప్రశ్న తిరగబడింది. ఆమెకూ రాజమల్లుకూ రాకపోవడం కాదు, ఒక్క కిషన్ రావుకే ఎందుకు వస్తోందన్నది. ఆ ప్రశ్న పట్టుకుని కిషన్ రావు కూర్చున్నాడు. అంతలోనే బయట నుంచి పిలుపు వచ్చింది.

కట్టమ్మ వచ్చింది. పర్వతగిరి పక్క ఊరు. ఒక కంటికి పచ్చ గుడ్డ అడ్డం, చేతిలో అట్ట. గుడ్డ తీస్తే కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది.

"బిడ్డా, గీ అట్ట మీద ఏం రాసిండ్లో మా ఊర్ల ఎవ్వలకు సమజయితలేదు. బడి పంతులుకు సూపెట్టిన. ఇంగ్లీషు గాదన్నడు, హిందీ గాదన్నడు. మందు మారిందేమో అని చుక్కలు ఏసుకునుడు బందువెట్టిన."

జుబేదా అట్ట అందుకుంది. ప్రింటర్ వేసిన అట్ట. సోమవారం పొద్దుటిది. ఇన్నాళ్ళూ తాను తెర గురించి, తన పేరు గురించి తల బద్దలు కొట్టుకుంటుంటే, అక్కడ ఈ ముసలామె మూడు రోజులుగా కంట్లో మందు లేకుండా కూర్చుంది. ఆమె కట్టమ్మ చెయ్యి పట్టుకుని పెద్ద డాక్టరు గదికి తీసుకుపోయింది. డాక్టరు చూసి, వాపు వచ్చింది, చెడిపోయిందేమీ లేదు, నాలుగు రోజులు వార్డులో ఉంచండి అన్నాడు. చుక్కలు మళ్ళీ మొదలుపెట్టారు.

"తప్పు మాది అవ్వా," అంది జుబేదా, మంచం పక్కన నిలబడి.

"నువ్వేం జేసినవ్ బిడ్డా? మిషన్ గద రాసింది," అంది కట్టమ్మ. "కని అది ఏం భాషనో నువ్వన్న జెప్పు."

"తెలుగే అవ్వా," అంది జుబేదా. కట్టమ్మ ఇంకా గాభరా పడింది.

సోమవారం పొద్దున ప్రింటరు ఇంకెవరికి అట్టలు వేసిందని అటెండరును అడిగితే, ఇంకొకరు ఖిలా వరంగల్ మొగిలయ్య అన్నాడు. జుబేదా పాత మిషన్ మీద కొత్త అట్ట కొట్టుకుని రిక్షా మాట్లాడుకుని పోయింది. కోట రాతి గోడ దాటాక, ఇళ్ళ మధ్య అడిగి అడిగి పట్టుకుంది. మొగిలయ్య అరుగు మీద కూర్చుని బీడీలకు ఆకు కత్తిరిస్తున్నాడు. కన్ను తేటగా, బాగుంది. వార్డు నర్సు నోటితో చెప్పిన ప్రకారం చుక్కలు వేసుకుంటున్నాడు. పాత అట్ట దేవుడి పటం వెనక పెట్టాడు. అది తప్పుదని, ఇచ్చేయమని జుబేదా ఎంత చెప్పినా ఇవ్వలేదు.

"డాక్టరు రాత గట్లనే ఉంటదమ్మా. మనకు సమజయితదా?" అని రెండు అట్టలూ కలిపి పటం వెనక పెట్టాడు. ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక రిక్షా ఎక్కింది.

తిరిగివచ్చేసరికి కిషన్ రావు మొహం మారింది.

"దొరికిందక్కా. దొరికిందనుకుంటాన. ఇట్ల రా."

ఎవరి పేరుతో లోపలికి పోయినా, వాళ్ళ కోసం సిస్టం ముందుగా ఒక చిన్న ఫైలు చదువుతుందట. ఆమె ఫైలు, రాజమల్లు ఫైలు ఒకే తీరుగా ఉన్నాయి. అతని దానిలో మాత్రం కొన్ని వరుసలు ఎక్కువున్నాయి. రెండేళ్ళ కింద తెలుగు కార్డులు కొత్తగా వచ్చినప్పుడు, ఏది పనిచేస్తుందో తెలియక అవీ ఇవీ రాసి చూసి మరిచిపోయిన వరుసలు. ఎందుకు రాశాడో ఇప్పుడు అతనికే గుర్తు లేదు. ఒక్కొక్క వరుస తీసేసి మళ్ళీ లోపలికి పోయి చూశాడు. ఒక వరుస తీయగానే అతని తెలుగు కూడా చీమల పుట్ట అయింది.

ఆ వరుసను ఆమె ఫైలులో రాశాడు. "ఇప్పుడు పో," అన్నాడు.

ఆమె తన పేరు కొట్టింది. కట్టమ్మ కార్డు తీసింది. తెలుగు వచ్చింది. ఆమె వెంటనే సంతోషించలేకపోయింది. ఇంకొక కార్డు తీసింది. ఇంకొకటి. బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. నాలుగైదుసార్లు అట్లా చేశాకే కుర్చీకి వెనక్కి వాలింది.

"గిది ఏం జేస్తది సార్, ఆ వరుస?"

కిషన్ రావు లావుపాటి మాన్యువలు తెరిచి పెట్టుకుని చెప్పాడు. తాను చదువుకుంటూ తనకు తానే చెప్పుకున్నట్టుంది. ఒక్కొక్క అక్షరం తీగ మీద పోవడానికి ఎనిమిది గళ్ళున్నాయనుకో. ఇంగ్లీషుకు ఏడు గళ్ళు చాలు. ఎనిమిదో గడిలో గుర్తు పెడితే అది తెలుగని టెర్మినల్‌కు తెలుస్తుంది. పాత కెర్నల్ ఎనిమిది గళ్ళనూ ముట్టకుండా పంపేది. కొత్తది ఎనిమిదో గడిని తన సొంత పనికి పెట్టుకుని, ఏడే పంపుతోంది. ఆ గుర్తు ఊడిపోతే క కాస్తా మూడు అంకె అవుతుంది, మ కాస్తా ఎల్ అవుతుంది. ఆ వరుస కెర్నల్‌కు ఎనిమిదీ పంపమని చెప్తుంది.

"కొత్తది ఇంకా మంచిగ జెయ్యాలె గద, ఎందుకు తీసేస్తాంది మరి?"

"నాకు తెల్వదక్కా. రాసినోళ్ళకు మన అసొంటోళ్ళు ఉన్నరని తెల్వదేమో."

ఆమెకు సగం అర్థమైంది. సగమైనా చాలనుకుంది. కానీ కథ అక్కడ తీరలేదు. శుక్రవారం ఒక అట్ట ప్రింటర్‌కు పంపితే మళ్ళీ చీమల పుట్టే వచ్చింది. తెర మీద తెలుగు, కాగితం మీద గజిబిజి. ప్రింటర్ ఎవరి పేరుతోనూ లోపలికి పోదు, దాని సంగతి వేరే ఫైలులో ఉంటుందట. ఆ ఫైలు వెతకడానికి శనివారం దాకా పట్టింది. అది బాగయ్యాక ఇంకొకటి బయటపడింది. పాత పేర్లన్నీ బాగున్నాయి గాని, సోమవారం నుంచి ఆమె కళ్ళు మూసుకున్నట్టు కొట్టిన కొత్త పేషెంట్ల పేర్లు ఇంకా గజిబిజిగానే ఉన్నాయి.

"తెర బాగైంది గద సార్. ఇవెందుకు బాగైతలేవు?"

కిషన్ రావు ఆ తెరను చూసి నుదురు కొట్టుకున్నాడు. "కెర్నల్ తెర మీదికి వచ్చేటప్పుడే కాదు, నువ్వు కొట్టింది లోపలికి పోయేటప్పుడు గూడ గుర్తు తీసేసింది. చూపెట్టుడుల ఫరకని నిన్ను కొట్టుమన్నది నేనే. నన్ను మాఫ్ చెయ్యక్కా."

ఆ ఎనిమిదో గడి గుర్తును మళ్ళీ తగిలించే ప్రోగ్రాం ఒకటి రాశాడు. పేర్లు తిరిగివచ్చాయి. కానీ అది అన్నిటికీ గుర్తు తగిలించింది, అంకెలకు కూడా: మూడు క అయింది, నాలుగు ఖ, అయిదు గ, ఆరు ఘ. అరవై నాలుగేళ్ళ ముసలాయన వయసు దగ్గర ఘఖ అని ఉంది. ఇద్దరూ మొదటిసారి నవ్వారు. తర్వాత ఒక్కొక్క కార్డు తీసి, వార్డుకు పోయి మనిషిని చూసి, అడిగి, ఆమె సరిచేసింది. ఒకామె తన వయసు తనకు తెలియదంది. ఘగ అని ఉన్నదాన్ని బట్టి అరవై అయిదని జుబేదా రాసింది. అది ఆమె మొదట చెప్పిన వయసేనా, లేక రాయించేటప్పుడు వెంట వచ్చినవాళ్ళు ఊహించి చెప్పిందా అన్నది మాత్రం తేలలేదు.

నాలుగు రోజులకు కట్టమ్మ కన్ను తేటపడింది. పోయేముందు, జుబేదా ప్రింటర్ వేసిన కొత్త అట్టను ఆమె ముందే పైకి చదివింది. పొద్దున ఒక చుక్క, పడుకునేటప్పుడు ఒక చుక్క. కట్టమ్మ వింటూ తలూపింది. అట్టను కొంగున ముడి వేసుకుని బస్సుకు పోయింది.

ఆ చలికాలంలో పేషెంట్లు పేర్లు రాయించుకునే కిటికీ దగ్గర ఇంకొక టెర్మినల్ పెట్టి జుబేదాను అక్కడ కూర్చోబెట్టారు. కిషన్ రావు ఆ వరుసను ఇప్పుడు అందరికీ వర్తించే చోట రాశాడు, ఎవరి పేరుతో పోయినా తెలుగే. అయినా కిటికీ దగ్గరి టెర్మినల్ కొన్ని పొద్దులు మొదటి పేరును గజిబిజిగా చూపి, రెండో పేరు నుంచి సరిగ్గా చూపేది. ఎందుకో ఎంత వెతికినా దొరకలేదు. కొన్నాళ్ళకు అతనూ వెతకడం మానేశాడు.

జుబేదా దానికి అలవాటు పడింది, నమ్మడం మాత్రం మానేసింది. కిటికీ ముందు వరుసలో నిలబడ్డవాళ్ళు పేరు చెప్పగానే కొట్టేది. కొట్టి ఊరుకునేది కాదు. తెర మీద పడ్డ ప్రతి పేరునూ అక్షరం అక్షరం చూసి, పైకి చదివి, "గిదేనా మీ పేరు?" అని అడిగేది. వరుస ఆలస్యమైతోందని వెనకవాళ్ళు సణిగేవాళ్ళు. ఆమె వినిపించుకునేది కాదు. అవతలివాళ్ళు అవునన్నాకే తర్వాతి మనిషిని పిలిచేది.